ఫస్టియర్ ఇంజినీరింగ్ డిజైన్ కోర్సు: మంచిదే, రెండో నమూనాకి టైమ్ ఇస్తే ఇంకా మంచిది

ఫస్టియర్‌లో ఇంజినీరింగ్ డిజైన్ అని ఒక కోర్సు ఉంటుంది కదా, నలుగురైదుగురిని ఒక టీమ్‌గా కట్టి, ఒక సమస్య ఇచ్చి, దానికి పనికొచ్చే వస్తువేదో చేయించి చివర్లో డెమో పెట్టించేది. దాని గురించి కొత్తగా చేరేవాళ్ళు అడుగుతూనే ఉన్నారు, అందుకే తెలిసిందంతా ఒకేచోట రాస్తున్నాను. ఫస్టియర్‌లో ఈ కోర్సు స్టూడెంట్‌గా చేశాను, ఇప్పుడు అదే కోర్సుకి టీచింగ్ అసిస్టెంట్‌గా ల్యాబ్‌లో ఉంటున్నాను, కాబట్టి లోపలి సంగతీ బయటి సంగతీ రెండూ చూశాననే అనుకుంటున్నా. ముందే చెప్పేస్తాను: తీసుకోండి. 5కి 4 ఇస్తాను. ఆ తగ్గిన ఒక్కటి కూడా ఒకే కారణానికి. ఈ కోర్సులో అసలు చదువు మొదటి నమూనా విరిగిపోయి, దాన్ని తిరిగి చేసేటప్పుడు మొదలవుతుంది. సరిగ్గా అక్కడికి చేరేసరికి సెమిస్టర్ అయిపోతుంది.

ఇలాంటి కోర్సు మొదటి సంవత్సరంలోనే ఎందుకు, ముందు సబ్జెక్టులు వస్తే కదా డిజైన్ చేసేది అని చాలామందికి అనుమానం. పాత పద్ధతి అలాగే ఉండేది. లెక్కలు, ఫిజిక్స్, మెకానిక్స్ రెండుమూడేళ్ళు చదివించి, డిజైన్ అనేదాన్ని చివరి సంవత్సరం ప్రాజెక్టులో చూపించేవాళ్ళు. చదివిన సమీకరణం ఎక్కడ పనికొస్తుందో తెలియకుండానే సగం డిగ్రీ గడిచిపోయేది. ఆ లోటు పూడ్చడానికే మొదట్లోనూ ఒక డిజైన్ కోర్సు పెట్టారు. వీటిలో రెండు రకాలున్నాయి. ఒకటి పోటీ రకం: అందరికీ ఒకే కిట్, ఒకే నియమాలు, చివర్లో యంత్రాలు ఎదురెదురుగా తలపడతాయి. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో వుడీ ఫ్లవర్స్ అనే ప్రొఫెసర్ 1970లలో నడిపిన 2.70 అనే కోర్సు ఈ రకానికి పెద్ద పేరు తెచ్చింది (అది ఫస్టియర్ కోర్సు కాదు గానీ పద్ధతి మాత్రం అందరూ అందిపుచ్చుకున్నారు). డీన్ కేమెన్ 1989లో పెట్టిన ఫస్ట్ అనే సంస్థ హైస్కూలు పిల్లలకి నడిపే రోబోటిక్స్ పోటీల్లో కూడా ఫ్లవర్స్ చెయ్యి ఉంది. రెండోది క్లయింట్ రకం: బయటి మనిషి ఎవరో తన నిజమైన ఇబ్బందితో వస్తారు, మీరు దానికి పరిష్కారం చెయ్యాలి. నేను చేసింది ఈ రెండో రకం. పోటీలో సరదా ఎక్కువ, కాదనను, కానీ అందులో సమస్య ఏమిటన్నది నియమాల కాగితం మీద ముందే రాసి ఉంటుంది. క్లయింట్ రకంలో ఆ కాగితం మీరే రాసుకోవాలి, కష్టమంతా అక్కడే, అందుకే నా ఓటు దానికే.

మా టీమ్‌కి వచ్చిన పని ఇది: పక్షవాతం వచ్చి ఒక చేతిలో పట్టు పోయిన మనిషి సీసా మూత తీసుకోలేకపోతున్నారు, ఆ మనిషికి ఫిజియోథెరపీ చేసేవాళ్ళు వచ్చి చెప్పారు. క్లాసులో ఎవరిని అడిగినా ఇది చాలా చిన్న సమస్య అనే అన్నారు. మొదటి వారంలో ప్రతి టీమ్ సమస్యని ఒక్క వాక్యంలో రాసుకురావాలి. మేం రాసుకెళ్ళింది "మూతలు తీసే ఆటోమేటిక్ యంత్రం తయారు చెయ్యడం". మేడమ్ అందులో "ఆటోమేటిక్ యంత్రం" అన్న మాట కింద గీత గీసి, సమస్య చెప్పమంటే జవాబు రాసుకొచ్చారే అన్నారు. నాలుగైదు సార్లు తిరగ రాశాక నిలిచిన వాక్యం: ఒక చెయ్యి మాత్రమే పనిచేసే మనిషి, కుర్చీలో కూర్చుని, ఇంకొకరి సాయం లేకుండా, మర మూత ఉన్న సీసాని తెరవగలగాలి. ఇందులో యంత్రం లేదు, మోటారు లేదు, ఆకారం లేదు. మూడు వారాలు దీని మీదే గడుస్తాయి. ఆ మూడు వారాల్లో సగం క్లాసు "ఇంకా ఏం చెయ్యట్లేదేంటి" అని విసుక్కుంటుంది, ప్రతి ఏడాదీ ఇదే చూస్తున్నాను. ఆ విసుగుని ఓర్చుకోండి, కోర్సులో అన్నిటికంటే బాగా చెప్పే భాగం ఇదే.

ఎందుకంటే ఆ వాక్యం నుంచి అంకెలు పుట్టించడం నేర్పిస్తారు. "తేలిగ్గా ఉండాలి" అని రాస్తే కొట్టేస్తారు, "1 కిలో లోపు ఉండాలి" అని రాస్తే ఉంచుతారు, ఎందుకంటే రెండోదాన్ని తూచి అవునో కాదో చెప్పొచ్చు. "అన్ని సీసాలకీ సరిపోవాలి" అంటే ఏ సీసాలు? వెర్నియర్ కాలిపర్ పట్టుకుని దొరికిన ప్రతి సీసా వ్యాసమూ చూశాం. మూత తిప్పడానికి ఎంత బలం కావాలి? దీనికి చేసిన ప్రయోగం నాకు ఇప్పటికీ ఇష్టం, ఖర్చు దాదాపు లేదు. మూత మీద అడ్డంగా ఒక కర్రముక్క బిగించాలి, మూత నడిమధ్య నుంచి 15 సెం.మీ. దూరంలో దానికి స్ప్రింగ్ త్రాసు కొక్కెం తగిలించి, కర్రకి లంబంగా మెల్లగా లాగాలి. మూత కదిలే క్షణంలో త్రాసు 2 కిలోలు చూపిస్తే అది దాదాపు 20 న్యూటన్లు, దాన్ని 0.15 మీటర్లతో గుణిస్తే 3 న్యూటన్ మీటర్ల టార్క్. ఇంటర్‌లో టార్క్ లెక్కలు కుప్పలుగా చేసే ఉంటారు, కానీ మీ చేతికింద మూత కదిలి త్రాసు ముల్లు వెనక్కి పడినప్పుడు ఆ అంకెకి ఒక బరువు వస్తుంది. అప్పట్నుంచి ప్రతి నిర్ణయం ఆ 3 దగ్గరికే వచ్చి ఆగుతుంది: ఈ పీఠం 3 న్యూటన్ మీటర్లకి తిరిగిపోకుండా నిలుస్తుందా, ఈ గోడ దానికి వంగుతుందా.

ఈ భాగంలోనే ఆక్సో కంపెనీ గుడ్ గ్రిప్స్ వంటింటి పరికరాల కథ చెప్తారు. ఆ కంపెనీ పెట్టిన శామ్ ఫార్బర్ భార్య బెట్సీకి చేతి కీళ్ళ నొప్పులు, సన్నటి ఇనప పిడి ఉన్న చెక్కు తీసే పీలర్ పట్టుకోవడం కష్టమైంది, అక్కణ్ణుంచే లావుపాటి మెత్తటి రబ్బరు పిడి ఆలోచన వచ్చింది, 1990లో అమ్మకానికొచ్చింది. నొప్పులు ఉన్నవాళ్ళ కోసం ఆలోచించి చేసిన పిడి మిగతా అందరికీ కూడా హాయిగా ఉంది, అందుకే అంతగా అమ్ముడుపోయింది. మా ప్రాజెక్టుకి ఇది సూటిగా పనికొచ్చింది, ఎందుకంటే అప్పటిదాకా మేం "వికలాంగుల పరికరం" అంటే ఆస్పత్రి సామానులా కనిపించేదాన్నే ఊహించుకుంటున్నాం.

తర్వాత ఐడియాల వారం. బ్రెయిన్‌స్టార్మింగ్ అనే మాటని అలెక్స్ ఆస్బర్న్ అనే అడ్వర్టైజింగ్ ఆయన ప్రచారంలోకి తెచ్చాడు, ఎవరి ఐడియానీ వెంటనే విమర్శించొద్దు, ముందు ఎన్ని వస్తే అన్ని రానివ్వండి అన్నది ఆయన నియమం. అది అందరూ చెప్తారు. మా కోర్సులో ఇంకో ముక్క కూడా చెప్తారు, అందుకు మెచ్చుకోవాలి: 1958లో యేల్ యూనివర్సిటీలో చేసిన ఒక పరిశోధనలో, కలిసి కూర్చుని మాట్లాడిన గుంపు కంటే, విడివిడిగా రాసుకుని తర్వాత కలిపిన అంతే మంది ఎక్కువ ఐడియాలు ఇచ్చారు. అందుకే ఇక్కడ మొదటి పది నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు, ఎవరి కాగితం మీద వాళ్ళు బొమ్మలు గీసుకోవాలి, ఆ తర్వాతే బల్ల మీద పరచాలి. ఈ పది నిమిషాల విలువ టీచింగ్ అసిస్టెంట్‌గా నిలబడి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. గట్టిగా మాట్లాడే మనిషి ప్రతి టీమ్‌లోనూ ఒకరుంటారు. మాటలతో మొదలైతే అరగంటలో ఆ మనిషి ఐడియానే అందరి ఐడియా అయిపోతుంది. కాగితాలతో మొదలైతే మూల కూర్చున్న పిల్ల గీసిన బొమ్మ కూడా బల్ల మీదికి వస్తుంది.

ఐడియాలు వడకట్టడానికి వాడే పట్టిక పేరు ప్యూ మేట్రిక్స్, స్టూవర్ట్ ప్యూ అనే బ్రిటిష్ ప్రొఫెసర్ పద్ధతి. ఒక డిజైన్‌ని ప్రమాణంగా పెట్టుకుని, మిగతావి ప్రతి అవసరంలోనూ దానికంటే మెరుగైతే ప్లస్, తక్కువైతే మైనస్, సమానమైతే సమానం అని వేసుకుంటూ పోవాలి. మంచి పద్ధతే. కానీ మా కోర్సులో దీన్ని నేర్పించే తీరు నాకు నచ్చలేదు. పట్టిక నింపి రిపోర్టులో పెడితే మార్కులు వస్తాయి కాబట్టి ముందే మనసులో ఒకదాన్ని ఖాయం చేసుకుని, అదే గెలిచేలా గుర్తులు వేసేస్తారు, ఏ ఏడాది రిపోర్టులు చూసినా ఇదే. ప్యూ చెప్పిందాంట్లో ముఖ్యమైనది పట్టికలో ఎవరు గెలిచారన్నది కాదు, మైనస్ పడిన చోట చూసి, పక్క డిజైన్‌లో ప్లస్ పడిన ముక్కని తెచ్చి ఇక్కడ అతికించి కొత్త డిజైన్ పుట్టించడం. ఆ రెండో అడుగు లేకపోతే పట్టిక వట్టి ముస్తాబు. మీరు చేసేటప్పుడు మొత్తం కూడే ముందు ఒక్క మైనస్ గడి తీసుకుని దాన్ని ప్లస్ ఎలా చెయ్యొచ్చో మాట్లాడుకోండి, ఇన్‌స్ట్రక్టర్ అడగకపోయినా సరే.

ఇక తయారీ. మొదట అట్టముక్కలు, గ్లూ గన్, టేపు, ఐస్‌క్రీమ్ పుల్లలు. కంప్యూటర్ ముట్టుకోవడానికి వీల్లేదు. ఇది చిన్నపిల్లల పనిలా ఉందని చాలామందికి నామోషీ. అట్ట నమూనా ఒక గంటలో అయిపోతుంది, అందుకే దాన్ని పారేయడానికి మనసు వెనకాడదు, ఆ సుగుణం ఇంకే నమూనాకీ లేదు. త్రీడీ ప్రింటర్ మీద ఆరేడు గంటలు ప్రింట్ అయిన ముక్క తప్పని తేలినా దాన్ని సమర్థించుకోవడమే చూస్తాం.

మా డిజైన్ చాలా సాదాసీదాది. ఒక పీఠం, దాని మీద వి ఆకారంలో రెండు గోడలు, లోపలి వైపు రబ్బరు షీటు. సీసాని ఒక్క చేత్తో లోపలికి నెడితే సన్నదైనా లావుదైనా ఏదో ఒకచోట బిగుసుకుంటుంది, అదే చేత్తో మూత తిప్పుకోవచ్చు. గోడల్ని పీఎల్ఏ ప్లాస్టిక్‌తో ప్రింట్ చేశాం. మొదటిసారి సీసా పెట్టి మూత గట్టిగా తిప్పగానే ఒక గోడ మొదలు దగ్గర టప్పున విరిగింది. విరిగిన చోట చూస్తే నున్నగా, చాకుతో కోసినట్టుగా ఉంది. కారణం అక్కడే కనిపిస్తోంది: ప్రింటర్ పొర మీద పొర పేర్చుకుంటూ పోతుంది, పొర లోపల ప్లాస్టిక్ గట్టిగానే ఉంటుంది, పొరకీ పొరకీ మధ్య అతుకే బలహీనం. గోడని నిలబెట్టి ప్రింట్ చేశాం కాబట్టి పొరలన్నీ అడ్డంగా వచ్చాయి, సీసా గోడని పక్కకి తోసినప్పుడు ఆ తోపుడు నేరుగా అతుకుల మీదే పడింది. అదే గోడని పడుకోబెట్టి ప్రింట్ చేసి, పీఠాన్ని కలిసే మూలలో కోణం తీసేసి గుండ్రటి వంపు ఇచ్చాక నిలబడింది. ప్లాస్టిక్ అదే, మందం అదే, దిక్కు మారింది, మూల మారింది. మెటీరియల్స్ సబ్జెక్టులో తర్వాతెప్పుడో ఒత్తిడి మూలల్లో పోగవుతుందని చదివినప్పుడు ఆ చాప్టర్ నాకు కొత్తగా అనిపించలేదు.

ల్యాబ్ గురించి ఇంకొన్ని ముక్కలు. క్యాడ్ (కంప్యూటర్‌లో డిజైన్ గీయడం) నేర్పించడం మాత్రం బలహీనం. వీడియోలు ఇచ్చి చూసుకోమంటారు, బొమ్మ గీయడం వస్తుంది కానీ కొలతలు ఎలా ఇవ్వాలో రాదు. 8 మి.మీ. కడ్డీ దూరాలని 8 మి.మీ. రంధ్రమే గీస్తారు, మామూలు ప్రింటర్ మీద ఆ రంధ్రం కాస్త చిన్నదిగానే వస్తుంది, కడ్డీ దూరదు, ఆకురాయి పట్టుకుని రుద్దుతూ కూర్చుంటారు. 0.2 నుంచి 0.4 మి.మీ. వదులు ఇచ్చి గీయండి, ముందు ఆ రంధ్రం ఒక్కటే ఉన్న చిన్న ముక్క ప్రింట్ చేసి కడ్డీ దూర్చి చూడండి. లేజర్ కటింగ్‌లో కూడా అంతే, కిరణం కొంత మెటీరియల్ తినేస్తుంది, గాడి ఆ మేరకి వదులవుతుంది. పీవీసీ షీటు మాత్రం లేజర్ దగ్గరికి తీసుకెళ్ళొద్దు, క్లోరిన్ కలిసిన విషవాయువులు వస్తాయి, మనుషులకీ చెడు, యంత్రానికీ చెడు. సేఫ్టీ క్లాసులో దీన్ని ఒక్క లైన్‌లో చెప్పి దాటేస్తారు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

ఎలక్ట్రానిక్స్ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఆర్డుయినో అనే చిన్న కంట్రోలర్ బోర్డుని రెండు ల్యాబుల్లో పరిచయం చేస్తారు, బాగానే చెప్తారు, కానీ దాని తర్వాత ప్రతి టీమ్‌కీ తమ వస్తువులో మోటారు, సెన్సార్, యాప్ ఉండి తీరాలన్న పట్టుదల వస్తుంది. సగం టీములు చివరి రెండు వారాలు వైర్లతోనే కుస్తీ పడతారు. ఆర్డుయినో యూనో ఆర్3 పిన్ నుంచి 40 మిల్లీఆంపియర్లకి మించి లాగకూడదు, అసలు 20 దగ్గరే ఆగిపోవడం మంచిది. చిన్న డీసీ మోటారు కూడా ఆగిపోయిన స్థితిలో కొన్ని వందల మిల్లీఆంపియర్లు లాగుతుంది. నేరుగా పిన్‌కి కలిపితే చిప్ పోతుంది, మధ్యలో మోటార్ డ్రైవర్ (మోటారుకి కావలసిన కరెంటు అందించే సర్క్యూట్) ఉండాల్సిందే. ఆ పలకలాంటి 9 వోల్టుల బ్యాటరీతో మోటార్లు నడపాలని చూస్తే వోల్టేజ్ పడిపోయి బోర్డు రీసెట్ అవుతూ ఉంటుంది, కోడ్‌లో తప్పు వెతుక్కుంటూ రాత్రంతా కూర్చుంటారు. ఇదంతా నేర్చుకోవాల్సిందే, ఒప్పుకుంటాను. కానీ మీ సమస్యకి మోటారు అవసరమా అన్న ప్రశ్న ముందు అడగండి. రబ్బరు అతికించిన రెండు గోడలతో పనైపోతే ఛార్జింగ్ అవసరం లేదు, పాడయ్యేదీ లేదు, కడుక్కోవచ్చు. ఇది కూడా ఇంజినీరింగే, మార్కులు వేసేవాళ్ళు కూడా దీన్ని ఇంకాస్త గట్టిగా నమ్మాలి.

ఇప్పుడు అసలు చోటికొస్తాను. నమూనా తీసుకుని, చేతిలో పట్టు పోయిన ఆవిడ దగ్గరికి వెళ్ళాం. మా ల్యాబ్‌లో నున్నటి బల్ల మీద సక్షన్ కప్పులతో పీఠం రాయిలా నిలిచేది. ఆవిడ బల్ల చెక్కది, పాలిష్ లేనిది. చెక్క గరుకు సందుల్లోంచి గాలి దూరిపోతుంటే సక్షన్ కప్పు ఎలా పడుతుంది? మూత తిప్పబోతే పీఠం మొత్తం తిరిగింది. మేం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకుంటుంటే ఆవిడ ఏమీ అనకుండా పీఠాన్ని బల్ల అంచుకి లాక్కుని, ఒళ్ళు దానికి ఆనించి, మళ్ళీ తిప్పారు. ఈసారి మూత వచ్చింది. "దూరంగా పెడితే నాకు బలం చాలదు బాబూ, ఒంటికి ఆనుకుంటేనే పట్టు" అన్నారు. తర్వాత సీసా వంక చూసి "మరి మూత మళ్ళీ పెట్టేదెలా?" అని అడిగారు. మా అవసరాల పట్టికలో తెరవడం గురించి అన్నీ ఉన్నాయి, మూయడం గురించి ఒక్క ముక్క లేదు. మూడు వారాలు అంత జాగ్రత్తగా రాసిన వాక్యంలో కూడా లేదు. తరగతి గదిలో ఎన్ని వారాలు కూర్చున్నా ఆ ప్రశ్న పుట్టేది కాదు, సీసా చేతిలో పెట్టుకున్న మనిషికే పుడుతుంది.

ఆ సాయంత్రం నుంచి మా టీమ్ పని చేసిన తీరే వేరు. సక్షన్ కప్పులు పీకేశాం. పీఠం ముందు వైపు కిందకి ఒక పట్టీ దించాం, అది బల్ల అంచుని పట్టుకుంటుంది. మూత తిప్పినప్పుడు పీఠం తిరగబోతే పట్టీ ఒక కొస బల్ల అంచుకి తన్నుకుంటుంది, రెండో కొస బయటికి రాకుండా ఆవిడ ఒళ్ళు ఆపుతుంది. మూసేటప్పుడు అటుదిటు, ఒళ్ళు ఇంకో కొసకి ఆనించాలి. బలరేఖలు గీసి 3 న్యూటన్ మీటర్లకి లెక్క వేస్తే, పట్టీ 30 సెం.మీ. పొడవుంటే ఒక్కో కొస మీద పడేది 10 న్యూటన్లే, అంటే 1 కిలో బరువంత తోపుడు, ఆవిడకి అది ఏమంత పని కాదు. లెక్కా, వస్తువూ, మనిషీ మూడూ ఒకచోట కలిసిన సందర్భం కోర్సు మొత్తంలో అదే.

అప్పటికి డెమోకి మిగిలిన టైమ్ ఎంత? పోస్టర్, వీడియో, స్లైడ్లు, రిపోర్టు అన్నీ ఆ వారంలోనే. పట్టీని ప్లైవుడ్‌తో కోసి బిగించాం, కానీ దాన్ని ఆవిడ చేతికి ఇచ్చి చూసే వీలు కోర్సు ఇవ్వలేదు. పరీక్షలు అయిపోయాక మేం సొంతంగా వెళ్ళి ఇచ్చొచ్చాం, అది వేరే సంగతి. నా ఫిర్యాదు ఇదే. నమూనా చెయ్యి, పరీక్షించు, మార్చు, మళ్ళీ చెయ్యి అని మొదటి క్లాసులో గుండ్రటి బాణాల బొమ్మ వేసి చూపిస్తారు. షెడ్యూల్ చూస్తే మాత్రం తిన్నటి గీత, ఒక్కో పెట్టెకి ఒక్కోసారి. చుట్టు తిరగడానికి టైమ్ లేకుండా చుట్టు గురించి చెప్పి ఏం లాభం? పోస్టర్ తీసేసినా నష్టం లేదు, క్యాడ్ వీడియోల వారం ముందుకి జరపొచ్చు, మొదటి యూజర్ టెస్ట్ సెమిస్టర్ సగం కాకముందే, అట్ట నమూనాతోనైనా సరే, పెట్టొచ్చు. టీచింగ్ అసిస్టెంట్‌గా ఈ మాట మీటింగుల్లో చెప్తూనే ఉన్నాను, చెప్తూనే ఉంటాను.

మార్కులు కూడా దీనికి తగ్గట్టే ఉన్నాయి. పెద్ద వాటా చివరి డెమోది. అందువల్ల రిస్క్ తీసుకుని డిజైన్ మార్చిన టీమ్‌కి డెమో రోజు ఏదో ఒకటి ఊడిపోయే ప్రమాదం, మొదటి ఐడియాతోనే ఆగిపోయి మెరుగులు దిద్దినవాళ్ళకి నిశ్చింత. ఏం మారింది, ఎందుకు మారింది, ఏ పరీక్ష వల్ల మారింది అన్నదానికి మార్కులు ఎక్కువ ఉండాలి.

క్లాసు పాఠాల్లో మాత్రం ఒకదాన్ని ఎప్పటికీ తీసేయకూడదు. అమెరికాలోని కాన్సస్ సిటీ హయత్ రీజెన్సీ హోటల్‌లో 1981 జులై 17న లాబీ మీద వేలాడే నడవాలు కూలి 114 మంది చనిపోయారు. మొదటి డ్రాయింగ్‌లో పైకప్పు నుంచి ఒకే పొడవాటి కడ్డీ పై నడవాని దాటి కింది నడవా దాకా రావాలి. తయారీ సులువు కోసం దాన్ని రెండు ముక్కలు చేశారు: పైకప్పు నుంచి పై నడవాకి ఒకటి, పై నడవా నుంచి కింది నడవాకి ఒకటి. చూడ్డానికి తేడా ఏమీ లేదు. కానీ మొదటి పద్ధతిలో పై నడవా నట్టు మీద పై నడవా బరువే పడుతుంది, రెండో పద్ధతిలో కింది నడవా బరువు కూడా దాని మీదే, అంటే రెట్టింపు. దర్యాప్తులో అసలు మొదటి డిజైన్‌కి కూడా నిబంధనలు అడిగిన బలంలో 60 శాతమే ఉందని తేలింది. మా క్లాసులో దీన్ని స్లైడ్లతో సరిపెట్టలేదు, దారం, రెండు చెక్క పట్టీలు, తూకపు రాళ్ళు ఇచ్చి రెండు రకాలుగానూ కట్టించారు. రెండో రకంలో పై ముడి దగ్గర దారం తెగుతుంది, ప్రతి బల్ల మీదా అక్కడే తెగుతుంది. డ్రాయింగ్‌లో చిన్న మార్పుకి ఎందుకు సంతకం, ఎందుకు మళ్ళీ లెక్క అని ఇక ఎవరూ అడగలేదు. కొలత ప్రమాణాల గురించి 1999లో మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే నాసా అంతరిక్ష నౌక పోయిన సంగతి కూడా చెప్తారు, ఒక బృందం సాఫ్ట్‌వేర్ పౌండ్-సెకన్లలో ఇచ్చిన అంకెల్ని ఇంకో బృందం న్యూటన్-సెకన్లనుకుని వాడింది. అది వినడానికి బాగుంటుంది, చేతికి తెలిసేది మాత్రం దారం తెగినప్పుడే.

టీమ్ గురించి ఒక్కటి గట్టిగా చెప్పాలి. స్కూల్లోనే రోబోటిక్స్ కిట్లు ఆడుకున్నవాళ్ళు మొదటి రోజే స్క్రూడ్రైవర్ అందుకుంటారు, రానివాళ్ళు, చాలాసార్లు అమ్మాయిలు, రిపోర్టు దగ్గర మిగిలిపోతారు. ఎవరూ కావాలని చెయ్యరు, పని త్వరగా అవ్వాలని చేస్తారు. సెమిస్టర్ చివరికి ఒకరు డ్రిల్లు పట్టకుండానే, ఇంకొకరు ఒక్క పేరా రాయకుండానే పాసైపోతారు. మా కోర్సులో తోటివాళ్ళకి మార్కులు వేసే ఫారం ఉంది, కానీ అది చివర్లో వస్తుంది, అప్పటికి చెయ్యగలిగిందేమీ ఉండదు. నేను ల్యాబ్‌లో ఉన్న రోజుల్లో పద్ధతి మార్చాను: పోయినవారం చేసిన పని ఈ వారం చెయ్యకూడదు, తెలిసినవాళ్ళు పక్కన నిలబడి చెప్పాలి, పనిముట్టు ముట్టుకోకూడదు. మొదట నెమ్మదిస్తారు, తర్వాత బాగా చేస్తారు. మీ ఇన్‌స్ట్రక్టర్ పెట్టకపోతే మీరే పెట్టుకోండి.

లాగ్‌బుక్ రాయడం మానొద్దు. తేదీ వేసి, పెన్నుతో, కొట్టివేతలతో సహా. రిపోర్టు రాసే రాత్రి టెన్షన్ సగం తగ్గేది దానివల్లే, పైగా ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి అడిగినప్పుడు చూపించడానికి పోస్టర్ కంటే విరిగిన గోడ ఫోటో అతికించిన పేజీ ఎక్కువ పనికొచ్చింది. కంప్యూటర్ సైన్స్ వాళ్ళకి ఇది దండగ కదా అని అడిగేవాళ్ళకి: అవసరాన్ని కొలవగలిగేలా రాయడం, వాడే మనిషి ముందు పెట్టి నోరు మూసుకుని చూడటం మీ బ్రాంచిలోనూ ఇవే పనులు.

సెక్షన్ ఎంచుకునే వీలుంటే రిజిస్ట్రేషన్‌కి ముందు ఇన్‌స్ట్రక్టర్‌ని ఒక్క ప్రశ్న అడగండి, మొదటి యూజర్ టెస్ట్ ఎన్నో వారంలో అని. సగం సెమిస్టర్ లోపు అంటే కళ్ళు మూసుకుని చేరిపోండి. చివరి రెండు వారాల్లో అంటే ఇంకో సెక్షన్ చూసుకోండి. వేరే దారి లేకపోతే, అట్ట నమూనా అయిన రోజే దాన్ని సంచిలో వేసుకుని మీ యూజర్ దగ్గరికి మీరే వెళ్ళండి, అది వద్దని ఏ సిలబస్‌లోనూ రాసి ఉండదు.